తలుపు తీసినవాళ్ళు

ఒంగోలులో ప్రార్థన కొండ పెద్ద ఎత్తేమీ కాదు. చిన్నప్పుడు మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కించేది. పైకి వెళ్ళాక ఊరంతా చూపించి, ఎప్పుడూ చెప్పే కథే మళ్ళీ చెప్పేది. 1854 జనవరి 1న, ఇంకా వెలుగు రాకముందే ఐదుగురు ఈ కొండ ఎక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికా మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య యుఫీమియా, వాళ్ళతో నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్ళు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని మోకాళ్ళ మీద దేవుణ్ణి అడిగి దిగి వెళ్ళారు.

ప్రసంగాల్లో ఈ కథ వచ్చినప్పుడల్లా జ్యూయెట్ దొరగారి పేరు వినిపిస్తుంది. నాయనమ్మ ఐదు పేర్లూ చెప్పేది. తెలుగు పేర్లయితే ఇంకాస్త ఒత్తి చెప్పేది.

“దొరగారికి ఈ కొండ దారి ఎట్టా తెలిసిందిరా? ఎవరో ఒకరు ముందు నడిచుంటారు గదా” అనేది.

పరాయి దేశానికి సువార్త కోసం వెళ్ళినవాళ్ళు అక్కడి మనుషులకు ఎలా దగ్గరయ్యారో రాద్దామని కూర్చుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ మాటే. ఓడ ఎక్కినవాళ్ళ కథ పుస్తకాల నిండా ఉంది. వాళ్ళు గుమ్మం ముందు నిలబడినప్పుడు లోపలి నుంచి తలుపు తీసినవాళ్ళ కథ కూడా అంత పెద్ద అక్షరాల్లోనే రాయాల్సిన కథ.

ఒక్క నక్షత్రం

1835 సెప్టెంబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కిన అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే మరుసటి ఏడాది తెలుగు నేల మీద కాలు పెట్టాడు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. డబ్బు పంపేవాళ్ళకు ఓపిక తగ్గింది. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సభలో నెల్లూరు మిషన్ మూసేద్దామా అన్న చర్చ నడిచింది. మిషన్ కేంద్రాలు గుర్తుపెట్టిన పటంలో తెలుగుదేశం మీద ఉన్నది ఒకే ఒక్క నక్షత్రం. దాన్నే ఒక వక్త ‘లోన్ స్టార్’ అన్నాడు. అమెరికా వాళ్ళ దేశభక్తి గీతం ‘అమెరికా’ రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రే దాని మీద ఒక పద్యం రాసి ఇచ్చాడు. మూత మాట ఆగిపోయింది, పేరు నిలిచిపోయింది. 1862లో మళ్ళీ అదే చర్చ వచ్చింది. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్ళి ఉన్న జ్యూయెట్ ససేమిరా అన్నాడు. మీరు వదిలేసినా నేను మాత్రం తిరిగి వెళతానని చెప్పాడు.

ఆ పట్టుదలకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ అన్నేళ్ళు గట్టిగా నిలబడినవాళ్ళకు కూడా మనుషులు ఎందుకు దొరకలేదన్నది నా ప్రశ్న. వాళ్ళు తట్టిన తలుపులు ఎక్కువగా అగ్రహారం వైపు, కచేరీల వైపు ఉన్నాయి. పైవాళ్ళు మారితే కిందివాళ్ళు వాళ్ళ వెంట వస్తారన్నది అప్పటి లెక్క. ఆ లెక్కను తప్పని తేల్చింది ఏ దొరా కాదు, ఒక తోళ్ళ వ్యాపారి.

పేరయ్య

పేరు యర్రగుంట్ల పేరయ్య. ఊరు ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు. పుట్టింది మాదిగ ఇంట. చదువు లేదు. దేవుడంటే మాత్రం చిన్ననాటి నుంచి తపన. గురువుల దగ్గర రాజయోగం నేర్చుకుని, ఊపిరి బిగబట్టి గంటలు గంటలు కూర్చుని, చివరికి తానే పదిమందికి చెప్పేవాడయ్యాడు. అంటే ఆయన వెలుగు చూడక చీకట్లో కూర్చున్న మనిషి కాదు. వెతుకుతూ నడుస్తున్న మనిషి. తోళ్ళు అమ్ముకోవడానికి ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల మాట చెవినపడింది. ఇంటికొచ్చి ఆలోచించాడు, చుట్టాలకు చెప్పాడు. ఒంగోలు వైపు మిషనరీ వస్తాడని విని తానే వెతుక్కుంటూ బయలుదేరాడు.

ఆ మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ. వృత్తికి సర్వేయరు. 1864 నవంబరు 30న బోస్టన్‌లో జ్యూయెట్‌తో పాటు ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరిలో ఆయన తాళ్లకొండపాడు వెళితే, పేరయ్య అప్పటికే చుట్టుపక్కల పల్లెల నుంచి మనుషుల్ని పోగుచేసి ఉంచాడు. వాళ్ళు చూసి పోదామని రాలేదు. బియ్యం మూట కట్టుకుని, మార్చుకోవడానికి బట్టలు పెట్టుకుని, నాలుగు రోజులు ఉండటానికే వచ్చారు. చెట్ల కింద కూర్చుని విన్నారు, అడిగారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి మూడు దశాబ్దాల మిషన్‌లో అంతమంది ఒక్కసారిగా రావడం అదే మొదలు.

నేను పదే పదే తలచుకునే సంగతి ఇది. క్లౌ వెళ్ళి పేరయ్యను కనిపెట్టలేదు. పేరయ్యే క్లౌను కనిపెట్టాడు. తోళ్ళ వ్యాపారికి ప్రతి ఊళ్ళోనూ ఒక మాదిగపల్లె, ప్రతి పల్లెలోనూ ఒక బంధువు, కూర్చోవడానికి ఒక అరుగు ఉంటుంది. పెళ్ళి సంబంధాలు, చావు కబుర్లు, అప్పులు, పశువుల బేరాలు అన్నీ నడిచే ఆ దారుల మీదే కొత్త మాట కూడా నడిచింది. దొరగారి గుర్రం వెళ్ళలేని సందుల్లోకి మేనమామ మాట వెళ్ళింది. మేనల్లుడు విన్నాడు, బావమరిది విన్నాడు, ఆ తర్వాత ఇల్లంతా కదిలింది. క్లౌ గొప్పతనం ఎక్కడుందంటే, ఆ చుట్టరికాన్ని విడగొట్టకుండా, పల్లె పెద్దల పంచాయతీని పక్కకు నెట్టకుండా, దాని మీదే సంఘాన్ని నిలబెట్టడంలో.

దీనికి ఒంగోలులో ఖరీదు కట్టాల్సి వచ్చింది. మాదిగలు బంగళాకు రావడం మొదలవగానే క్లౌ దగ్గరికి అంతకుముందు వస్తున్న పైకులాల వాళ్ళు వెనక్కి తగ్గారు. బడిలో బ్రాహ్మణ పిల్లల బల్లలు ఖాళీ అయ్యాయి. ఎటు నిలబడాలో తేలక భార్యాభర్తలిద్దరూ వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే చోటు తగిలిందని క్లౌ చెప్పుకున్నాడు. లోకం తక్కువగా చూసినవాళ్ళను దేవుడు ఎన్నుకుంటాడని చెప్పే చోటు అది. వాళ్ళు మాదిగల పక్కన నిలబడ్డారు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. చేరినవాళ్ళకు క్లౌ మూడు కట్టుబాట్లు పెట్టాడు. ఆదివారం పని వద్దు. చచ్చిన పశువు మాంసం వద్దు. విగ్రహాలకు మొక్కడం వద్దు, అంటే జాతర్లలో డప్పూ వద్దు. మూడూ ఊరి కట్టడి మీద దెబ్బే. ఊరు ఊరుకోలేదు. పని ఇవ్వలేదు, నీళ్ళకు అడ్డుపడ్డారు, కరణాలు కేసులు పెట్టారు. ఆనాడు డప్పంటే వెట్టి. పిలిచినప్పుడు వెళ్ళి కొట్టాలి, కాదంటే దెబ్బలు. ఆ సంకెల తెంచుకోవడం ఎంత పెద్ద మాటో నాకు తెలుసు. అయినా సంకెలతో పాటు చేతివిద్య కూడా కొంత పోయిందన్న బాధ నాకుంది. ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాలోనే, ఈదుముడిలో 1994లో పుట్టిన మాదిగ దండోరా ఉద్యమం డప్పునే జెండాలా ఎత్తుకుంది. వచ్చిన అతిథికి ఇంటివాళ్ళ వస్తువుల్లో ఏది సంకెలో ఏది సొమ్మో ఒక్క చూపులో తెలియదు. తెలుసుకోవడానికి తరాలు పడుతుంది.

కాలవ గట్టు మీద

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని కరువు ఊడ్చేసింది. క్లౌ తన పాత సర్వేయరు విద్యను బయటికి తీశాడు. ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికింది. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. మట్టి గంపలు దింపి కూలీలు కాస్త నడుం వాల్చినప్పుడు బోధకులు పక్కన కూర్చునేవాళ్ళు. ఎవరి ఊరు ఏది, ఎవరు పోయారు, ఎవరు మిగిలారు అని మాట్లాడేవాళ్ళు. పై నుంచి కేకలేసే మేస్త్రీలనే చూసిన మనుషులకు, పక్కన కూర్చుని నీళ్ళిచ్చే మేస్త్రీలు కొత్త.

కరువు ఉన్నంతకాలం, పదిహేను నెలల పాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇప్పించలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదన్నది ఆయన పట్టు. పనులు ముగిసి, సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మూడు రోజులు కలిపితే 3,536. ఆ ఏడాది చివరికి 9,000 దాటింది.

గుండ్లకమ్మలో ఆ రోజు నీళ్ళలో నిలబడింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు దిగితే మిగతావాళ్ళు సేదదీరేవారు, తర్వాత వంతు మార్చుకునేవారు. క్లౌ ఒడ్డునే ఉన్నాడు. ఒక్కరికి కూడా ఆయన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. మా నాయనమ్మకు వాళ్ళ నాయనమ్మ చెప్పిన కథలో కూడా దొర నీళ్ళలో లేడు. “మనోళ్ళ చేతుల్లోనే మునిగాం” అనేదట.

పేరయ్య లాంటి తొలితరం వాళ్ళ మాటలు మనకు దక్కాయంటే ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ పుణ్యం. క్లౌ రెండో భార్య ఆమె. ముసలి బోధకుల్ని కూర్చోబెట్టి వాళ్ళ బాల్యం, వాళ్ళ గురువులు, వాళ్ళ యోగసాధనలు, ఆకలి రోజులు అడిగి 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ పేరుతో పుస్తకం వేసింది. చెప్పులు కుడుతూ అని అర్థం. కొన్నిచోట్ల ఆమె చూపు ఆ కాలపు తెల్లవాళ్ళ చూపే. అయినా చెప్పులు కుట్టే మనిషికి ఒక జీవితకథ ఉంటుందని నమ్మి, ఎదురుగా కూర్చుని విన్న మనిషి ఆమె.

నెల్లూరు నుంచి నాటాలుకు

మిషన్ ప్రయాణమంటే తెల్లవాళ్ళు ఇటు రావడమేనని మనలో చాలామంది అనుకుంటారు. 1903లో ఒక తెలుగాయన అటు వెళ్ళాడు. పేరు జాన్ రంగయ్య. పంపింది అమెరికా వాళ్ళు కాదు. తెలుగు బాప్టిస్టులే తమ హోం మిషనరీ సొసైటీ తరఫున తమ చందాలతో పంపుకున్నారు. క్లౌ మొదటిసారి ఒంగోలు వచ్చి నలభై ఏళ్ళు కూడా కాలేదు. పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టే ఇళ్ళు కలిసి ఒక మనిషిని సముద్రం దాటించడం చిన్న సంగతి కాదు.

దక్షిణాఫ్రికాలోని నాటాలుకు తెలుగువాళ్ళు ఎలా చేరారో కొద్దిగా చెప్పాలి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. ఆ రోజు మొదలు 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా భారతీయులు ఐదేళ్ళ కూలి ఒప్పందాల మీద అక్కడికి వెళ్ళారు. చెరకు తోటలు, తేయాకు తోటలు, బొగ్గు గనులు, రైలు పనులు. ఒప్పందం తీరినా అక్కడే ఉండాలంటే తలకు ఏడాదికి మూడు పౌన్లు పన్ను కట్టాలని 1895లో చట్టం చేశారు. ఇంటికి పోదామంటే పోవడానికి మొహం లేదు, ఉందామంటే పన్ను. ఆ జనంలో మన కోస్తా జిల్లాల వాళ్ళున్నారు. వాళ్ళలో ఒంగోలు, నెల్లూరు మిషన్ ఊళ్ళ నుంచి వెళ్ళిన బాప్టిస్టులూ ఉన్నారు. తమకొక కాపరి కావాలన్న వాళ్ళ కోరిక సముద్రం దాటి ఇక్కడికి చేరింది.

రంగయ్య జూన్‌లో డర్బన్‌లో దిగాడు. నాటాల్ ఉత్తర తీరంలో స్టాంగర్ దగ్గర కియర్స్‌నీ అనే చోట లీజ్ హ్యూలెట్ అనే దొరకు పెద్ద తేయాకు తోట ఉండేది. ఆ ఏడాది డిసెంబరు 27న అక్కడే మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

ఆయనకు దుబాసీ అక్కర్లేదు. పగలంతా తేయాకు గిల్లి సాయంత్రం బారకాసులకు చేరిన మనిషికి, గుమ్మం ముందు నిలబడి “బాగున్నారా అమ్మా, మీదే ఊరు?” అని తెలుగులో అడిగే గొంతు వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. తలుపు తీసేది వాళ్ళే, వచ్చినవాడూ తమవాడే. రంగయ్య ఒక తోట నుంచి మరో తోటకు, గనులకు, రైలు కూలీల బస్తీలకు తిరిగాడు. పన్నెండేళ్ళు అక్కడే పనిచేసి 1915లో కన్నుమూశాడు. ఆ తర్వాత కొడుకు థియోఫిలస్ రంగయ్య ఆ పని ఎత్తుకున్నాడు. తండ్రి వెళ్ళింది ప్రయాణానికి, ఉండిపోయింది జీవితానికి. డర్బన్‌లో 1931లో ఆంధ్ర మహాసభ పుట్టకముందే, ఆ సంఘాల్లో తెలుగు పాట, తెలుగు ప్రార్థన ఉన్నాయి. చదువుకోని కూలీల పిల్లలకు అమ్మ భాష చెవిలో నిలవడానికి అది కూడా ఒక ఆసరా అయింది. తెలుగు చరిత్ర పాఠాల్లో రంగయ్యకు ఒక పేజీ కాకపోయినా ఒక పేరా ఇవ్వాలి.

ఇప్పుడు రెండు వారాలు

ఇప్పటి ప్రయాణాలు వేరు. 2005 ప్రాంతంలో అమెరికా సంఘాల నుంచి ఏటా 16 లక్షల మంది కొద్దిరోజుల సేవకని పరాయి దేశాలకు వెళ్ళేవారని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్‌నో అంచనా వేశాడు. ఎక్కువమంది ఉండేది వారం, పది రోజులు, మహా అయితే రెండు వారాలు. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను నేలమట్టం చేశాక ఇళ్ళు కట్టడానికి ఉత్తర అమెరికా నుంచి బృందాలు వెళ్ళాయి. కాల్విన్ కాలేజీ ఆచార్యుడు కర్ట్ వెర్ బీక్ తర్వాత ఆ లెక్కలు తీశాడు. విమానం టికెట్లు, బసలు అన్నీ కలిపితే ఒక్కో ఇంటికి దాదాపు 30,000 డాలర్లు పడింది. స్థానిక సంస్థలు అలాంటి ఇంటినే 2,000 డాలర్లలో కట్టాయి. ఎవరు కట్టిన ఇంట్లో ఉన్నవాళ్ళయినా తృప్తిలో పెద్ద తేడా కనిపించలేదు.

ఈ లెక్క చూసి రావడమే దండగ అనేవాళ్ళున్నారు. నేను అనను. నేను చూసిన ఒక మధ్యాహ్నం ఆ మాట అననివ్వదు.

ఒంగోలుకు దగ్గరలోని ఒక పల్లె. సంఘం వార్షికోత్సవానికి అమెరికా నుంచి పదిమంది వచ్చారు. వందనాలు, దండలు, ఫొటోలు అయ్యాయి. ఒక పెద్దాయన మాట్లాడుతూ మంచు తెల్లదనం గురించి చెప్పాడు. పక్కన తెలుగులోకి మారుస్తున్నది ఆ సంఘ కాపరి కూతురు, డిగ్రీ చదివిన పిల్ల. ఒక్క క్షణం ఆగింది. మంచు అనలేదు. “విచ్చిన పత్తికాయ లాంటి తెలుపు” అంది. వెనక వరసలో పత్తి తీసి తీసి వేళ్ళు గీసుకుపోయిన ఆడవాళ్ళ తలలు ఒక్కసారి కదిలాయి. ఆ పెద్దాయన మాట అప్పుడు ఆ ఇంట్లోకి వచ్చింది. తెచ్చింది ఆ పిల్ల.

భోజనాలయ్యాక బృందంలోని ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, అందరితోపాటు కారు దగ్గరికి వెళ్ళకుండా పక్కింటి కల్లంలోకి నడిచింది. అక్కడ ఎండుమిరపకాయల కుప్ప. నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఆ అమ్మాయి కూడా గొంతుక్కూర్చుంది. రెండు గంటలు కదల్లేదు. భాష రాదు, అనువాదానికి పిల్లా లేదు. పావుగంటకల్లా తుమ్ములు, కళ్ళ నీళ్ళు. చేతులు ఎర్రగా మండుతున్నాయి. ఒక ముసలమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళి గిన్నెలో మజ్జిగ తెచ్చి, ఆ అమ్మాయి చేతులు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని వేలు వేలుకూ రాసింది. “మా తల్లే, ఇంటికాడ అమ్మ ఏమనుకుంటదో” అంటూ రాసింది. ఆ అమ్మాయికి మాట అర్థం కాలేదు. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నాకు కనిపించిన మిషన్ ప్రయాణం అది. ఇవ్వడానికి వచ్చిన మనిషి తీసుకోవడానికి చేతులు చాచింది. ఆ క్షణంలో ఆ కల్లంలో దొరసానీ లేదు, దిక్కులేనివాళ్ళూ లేరు. ఒక ఇల్లుంది, ఆ ఇంటికొచ్చిన ఒక ఆడపిల్ల ఉంది.

రంగయ్యకున్న భాష ఇవాళ వచ్చేవాళ్ళకు ఉండదు. క్లౌకున్న నలభై ఏళ్ళూ ఉండవు. ఉండేది పది రోజులు. అందులో తొమ్మిది వేదిక మీద, కారులో గడిచిపోతే మిగిలేది ఫొటోలే. కాబట్టి పిలిచే సంఘాలు కార్యక్రమం వేసేటప్పుడే కల్లానికి, వంటింటికి, మంచాన ఉన్న ముసలాయన పక్కన కూర్చోవడానికి వేళ కేటాయించాలి. వచ్చేవాళ్ళు విమానం ఎక్కే ముందు కనీసం యాభై తెలుగు మాటలు నేర్చుకోవాలి. మిషనరీ పని మీద వచ్చేవాళ్ళకు మన ప్రభుత్వం మిషనరీ వీసా అని వేరుగా ఇస్తుంది. టూరిస్టు వీసా మీద వచ్చి మైకు పట్టుకోవద్దు. ఇంటివాళ్ళను ఇబ్బందిలో పెట్టి వెళ్ళడం అతిథి పని కాదు. సెలవుల్లో ఇతర దేశాలకు సేవకు బయలుదేరే మన తెలుగు పిల్లలకూ ఇవన్నీ వర్తిస్తాయి.

ఆ సాయంత్రం నేను తిరిగి వస్తూ పందిరి దగ్గర ఫ్లెక్సీ చూశాను. వచ్చిన పదిమంది ఫొటోలూ ఉన్నాయి, కింద పేర్లు ఉన్నాయి. కాపరి గారి ఫొటో ఉంది. సర్పంచ్ గారి ఫొటో ఉంది. ఆ రోజంతా నిలబడి, గొంతు బొంగురుపోయేదాకా తెలుగు చేసిన అమ్మాయి ఫొటో లేదు, పేరూ లేదు. మజ్జిగ రాసిన ముసలమ్మ సంగతి సరేసరి.

సంఘ కాపరులకు, పెద్దలకు ఒక్కటే మనవి. ఈసారి మీ ఊరికి బృందం వచ్చినప్పుడు సంఘం రిజిస్టరులో వాళ్ళ పేర్ల పక్కనే అనువాదం చేసినవాళ్ళ పేరు, వండిపెట్టినవాళ్ళ పేరు, ఇంట్లో పడకిచ్చినవాళ్ళ పేరు రాయండి. తారీఖు వేయండి.